ముందే వచ్చిన సెకను

2005 డిసెంబరు 31 పొద్దున పేపర్లో ఆ చిన్న వార్త చూసి మెహరున్నీసా టీగ్లాసు కింద పెట్టేసింది. భూమి తిరుగుడుతో సరిపోయేలా ప్రపంచ గడియారాలకు ఒక సెకను కలుపుతారట. మన దేశంలో అది రేపు ఉదయం ఐదున్నరకట. ఏడాది చివరి అర్ధరాత్రి అని ఎక్కడో చదివి, మన అర్ధరాత్రే అనుకుని, ఆమె తను రాసే ప్రోగ్రాంలో దాన్ని ఐదున్నర గంటల ముందే కలిపేసింది!

ఆమె పుంగనూరు బడిలో లెక్కల టీచరు. ఆకాశంలో మెరుపులను కొలిచే ఒక ఉపగ్రహం కోసం, ఎవరైనా చూసి దిద్దుబాట్లు పంపగలిగేలా నెట్‌లో పెట్టిన ప్రోగ్రాంను పలు దేశాలవాళ్లు జీతం లేకుండా రాస్తున్నారు. అందులో గడియారం భాగం ఈమెది. ఏడాది పాటు అడిగి అడిగి మార్పులు పంపాక, నేరుగా మార్చే హక్కు పోయిన నెలే దక్కింది. అయినా ఇంకొకరు పరీక్షించనిదే ఏ మార్పూ చేరకూడదన్నది అక్కడి కట్టుబాటు. పరీక్షించింది కుప్పం కాలేజీ లెక్చరర్ ప్రదీప్. బాగుంది సంబడం! ఇద్దరి కంప్యూటర్లలోనూ మన టైమే. ఇంకో దేశం టైముతో చూద్దామని ఒక్కరికీ తట్టలేదు.

ఉపగ్రహం సెకనుకు ఏడు కిలోమీటర్లు పోతుంది. ఈ అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ప్రతి మెరుపూ ఏడు కిలోమీటర్లు పక్కకు నమోదవుతుంది.

పుంగనూరులో కరెంటు లేదు. మధ్యాహ్నం దాకా చూసి మదనపల్లె బస్సెక్కింది. దిగగానే నెట్ సెంటరు పక్క కాయిన్‌బాక్సు నుంచి ప్రదీప్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"గమ్మున సరిజేసి పెట్టేయక్కా. యాల చెప్పుకోవాల? నీ హక్కు తీసేస్తారు."

"పాతది ఇప్పటికే దించుకున్నోళ్లు ఉండారు కదప్పా. చెప్పకపోతే వాళ్లకెట్లా తెలుస్తాది?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

మూడుంబావుకు సరిచేసినది పంపి, అందరూ చదివే చోట రాసింది: తప్పు నాది, పాతది వాడకండి. మీట నొక్కింది. సిగ్గు, భయం, రెండూ.

నాలుగైంది. నాలుగున్నరైంది. ఒక్క జవాబూ లేదు. ఐదుకు ఉపగ్రహం వాళ్లు రాశారు. కొత్తదాన్ని పరీక్షించి, పాతది తీసేసి ఎక్కించారట. కింద ఇంకో వాక్యం ఉంది: తప్పు మార్పు చేసినవారి హక్కును ప్రస్తుతానికి ఆపుతున్నాం.

మెహరున్నీసాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని లేవబోతుంటే దాని కిందే మరో ఉత్తరం పడింది, కుప్పం నుంచి.

"పరీక్షించి సరే అన్నది నేను. ఆపితే నాదీ ఆపండి. ప్రదీప్."