జకాత్ చీరకు ఫోటో

ఈ రోజు కర్నూలులో మా వీధి బట్టల సేటు రంజాన్ జకాత్ కింద ముసలివాళ్లకు చీరలు పంచాడు. అందరినీ ఎండలో నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి తీసే పాతకాలం పెట్టె కెమెరా ఫోటోగ్రాఫర్‌ను పిలిపించాడు. చూపు మందగించి బొంతలు కుట్టడం మానేసిన ఖాసింబీ, చీర అందుకోగానే కొంగు మొహం మీదికి లాక్కుంది.

“కొంగు తియ్యి అవ్వా, ఫోటోలో మొగం పడల్ల,” అన్నాడు సేటు.

“ఇచ్చేది అల్లా చూస్తాండాడు కదా నాయనా, ఇంకెవురు చూడల్ల?”

“అట్లయితే చీర ఈడ పెట్టి పో.”

ఆమె చీర పెట్టేసి, గోడ పట్టుకుని వెళ్లిపోయింది. జకాత్ పేదల హక్కనీ, కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదనీ మొన్న మసీదు మెట్ల మీద మాకు చెప్పింది ఈ సేటే. మీరే చెప్పండి, నల్లగుడ్డలో తల దాచుకోవలసింది ఫోటో తీసేవాడా, తీయించుకునేవాడా?