కర్రిగాడి ఇరవయ్యో గోరు

ఆదివారం పొద్దున గోవిందమ్మక్క వాకిట్లో పీట వేసుకుని కూర్చుందంటే ఆ ఇంట్లో ఎవరూ తప్పించుకోలేరు. మంగళవారం, శుక్రవారం గోర్లు తీయకూడదని ఊరందరిలాగే ఆమె కూడా అంటుంది. మిగతావాళ్లకు అది బద్ధకానికి సాకు. ఆమెకైతే ఆదివారం దాటకూడదన్న పట్టుదల. మనవళ్లు, మొగుడు అంజయ్య, మంచం పట్టిన అత్తగారు, అందరూ ఆమె ముందు చేతులు చాపినవాళ్లే. అత్తగారి కాలిగోర్లు గట్టిపడి వంకర తిరిగితే గోరువెచ్చని నీళ్లలో పాదాలు నానబెట్టి, కొంచెం కొంచెంగా తీసేది. ఆ ముసలామె పోయేదాకా ఎవరి మాటా వినలేదు కానీ, కోడలు అడిగితే మాత్రం పాదం ముందుకు పెట్టేది. నేను ఎదురింటి కోమలను. చర్చికి పోతూ ఈ తతంగం చూసేదాన్ని, తిరిగొచ్చాక పక్కన కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని.

ఆమె చెయ్యి పడనిది ఒక్క కర్రిగాడి మీదే. అది వాళ్ల కుక్క. దాని గోర్లు ముట్టుకోవద్దని అంజయ్య కట్టడి చేశాడు.

ఆ కట్టడి వెనక పెద్ద కథ ఉంది. మాది మేళ్లచెరువు దగ్గరి ఊరు, కాళ్ల కింద అంతా సున్నపురాయి. బోరు వేస్తే దుమ్ము లేస్తుంది తప్ప తడి కనిపించదు. అంజయ్య వేసిన బోర్లు వరసబెట్టి ఉత్తవైపోయాయి. చివరిసారి బోరు బండి వచ్చిన రోజున ఎక్కడినుంచో ఒక నల్ల కుక్కపిల్ల వచ్చి ఆ బండి కిందే పడుకుంది. సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. మామూలు కుక్కకు వెనక కాళ్లకు నాలుగేసి గోర్లుంటే దీనికి ఐదేసి ఉన్నాయని ఎవరో కనిపెట్టారు. "ఇరవై గోర్ల కుక్క అన్నా! నీ పంట పండింది" అన్నారు. అంజయ్య పూర్తిగా నమ్మేశాడు. రాయిని తొలిచిన యంత్రానికి రాని పేరు కుక్కగోరుకు వచ్చింది.

కర్రిగాడు చేలో ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. రాళ్ల మీద పందుల్ని తరుముతుంటే గోర్లు వాటంతటవే అరిగేవి. కొత్త స్లాబు ఇల్లు కట్టాక అంజయ్య దాన్ని ఇంటికి తెచ్చాడు. పెరుగన్నం తిని, నున్నటి టైల్స్ మీద పడుకోవడమే దాని పని. కొన్నాళ్లకు అది నడుస్తుంటే టకటకమని చప్పుడు వినిపించేది. గోవిందమ్మక్క కట్టర్ పట్టుకుని పిలిచిందో లేదో అంజయ్య అడ్డం వచ్చాడు.

"గా గోర్లు ముట్టకు. గోరు పోతే నీళ్లు పోతయ్."

నీళ్ల మాట వచ్చేసరికి ఆమె కూడా వెనక్కి తగ్గింది. మరి చేలో ఉన్నది మిర్చి. ఆ బోరు పోతే ఆ యేడు ఇంటిల్లిపాదీ కూలికి పోవాల్సిందే.

తర్వాత కర్రిగాడు కుడి వెనక కాలు ఎత్తి నడవడం మొదలుపెట్టాడు. అంజయ్య దిష్టి తగిలిందన్నాడు. నల్లదారం దళసరిగా పేని ఆ కాలికి చుట్టాడు. కుక్క ఇంకా కుంటితే ఇంకో చుట్టు చుట్టాడు. నాకు ఒళ్లు మండేది, కానీ పరాయి ఇంటి కుక్క గురించి ఏం మాట్లాడను?

ఒక ఆదివారం ఆ కాలి మీద ఈగలు ముసురుతుంటే గోవిందమ్మక్క ఊరుకోలేకపోయింది. కుక్కను ఒళ్లోకి లాక్కుని, కత్తెరతో దారం కత్తిరించి, వెంట్రుకలు పక్కకు తీసింది. ఐదో గోరు గుండ్రంగా తిరిగి తిరిగి, మొన వచ్చి దాని మాంసంలోనే దిగబడింది. చుట్టూ చీము. కర్రిగాడు కరవలేదు, వణికాడంతే. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపం వచ్చింది.

"కోమలా, ఆటో పిలువు."

హుజూర్‌నగర్ పశువుల దవాఖానకు నేనూ వెళ్లాను. అంజయ్య ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. డాక్టర్ శివకుమార్ కాలు చూసి విడమరిచి చెప్పాడు. మిగతా గోర్లు నేలకు తగిలి కాస్తో కూస్తో అరుగుతాయి. పక్కన వేలాడే ఈ గోరు చేలో అయితే రాళ్లకు గీరుకుని అరిగేది, ఇంట్లో నేలను తాకదు కాబట్టి అరిగే దారే లేదు. నెలకోసారైనా చూసి తీయకపోతే ఇలాగే లోపలికి తిరుగుతుంది.

"సారూ, పుండుకు మందు ఇయ్యుండ్రి. గోరు మాత్రం ఉంచుండ్రి" అన్నాడు అంజయ్య.

"ముల్లు లోపలే పెట్టి పైన మందు పూస్తే మానుతదా పెద్దాయనా?"

అంజయ్య భార్య వైపు తిరిగాడు. "నీళ్లు పోతే ఊరంత నిన్నే అంటది."

"అననీ. తీయుండ్రి సారూ. నీళ్లు పోతే నా మీద ఏసుకుంట."

డాక్టరు సూది ఇచ్చి, గోరు కత్తిరించి, దిగబడిన మొన బయటికి లాగి కట్టు కట్టాడు. మిగిలిన గోర్లు ఎలా తీయాలో ఆమెకు చూపించాడు. నల్ల గోరు కదా, లోపలి రక్తనాళం పైకి కనిపించదు. సన్నగా చెక్కినట్టు తీస్తూ పోయి, తీసిన చోట మధ్యలో నల్లటి చుక్క కనిపించగానే, రక్తం రాకముందే ఆపాలి. "మా అత్తకు తీసినట్టే" అంటూ మిగతావి ఆమే పూర్తిచేసింది. అంజయ్య బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు.

పుండు మానింది, కర్రిగాడు మళ్లీ పరుగెత్తాడు. అప్పటినుంచి ప్రతి నెలా ఒక ఆదివారం వాడిది. మా ఇంటి పిల్లి గోర్లు కూడా ఆమే తీసింది. తువ్వాలలో చుట్టి, వేలు మెత్తగా నొక్కితే గోరు బయటికొస్తుంది, మొన వరకే తీసింది. నా కర్టెన్లు బతికిపోయాయి.

ఆ ఎండాకాలం సాగర్ కాల్వకు నీళ్లు రాలేదు. అంజయ్య బోరు కొన్నాళ్లు వచ్చీ రానట్టు పోసి, ఒకనాడు ఉత్త గాలి కొట్టింది. చేలో మిర్చి ఇంకా ఒక కోత మిగిలే ఉంది. ఆదివారం పొద్దున అతను నలుగురిని వెంటేసుకుని వాకిట్లోకి వచ్చాడు.

"చెప్పిన. గోరు పోతే నీళ్లు పోతయని చెప్పిన. విన్నదా?"

వచ్చినవాళ్లు తలలూపారు. నాకు వాళ్లను చీపురు తిరగేసి కొట్టాలనిపించింది. గోవిందమ్మక్క ఒళ్లో కర్రిగాడి ముందు కాలు ఉంది. తీస్తున్న గోరు నిమ్మళంగా తీసి అప్పుడు తలెత్తింది.

"బుచ్చయ్య బోరు పోస్తాందా?"

"లేదు" అన్నాడు అంజయ్య.

"ఎల్లస్వామిది?"

"అదీ ఎండింది."

"ఊర్ల ఎవని బోరన్న పోస్తాందా?"

"ఎవనిదీ లేదు" అని వచ్చినవాళ్లలో ఒకడే ఒప్పుకున్నాడు.

"మరి ఊర్ల కుక్కలన్నిటికి నేనే గోర్లు తీసిన్నా?"

ముందు నవ్వింది నేనే. తర్వాత ఆ నలుగురూ నవ్వుకుంటూ మెల్లగా జారుకున్నారు. అంజయ్య నవ్వలేదు. మిర్చి దిగులు ఆమెకు మాత్రం లేదా? ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా చేతిలో పని ఆపలేదు. వెనక కాలు పట్టుకోబోతే కర్రిగాడు గింజుకున్నాడు.

"అరిసి దాన్ని బెదిరిస్తివి. రా, పట్టుకో" అంది మొగుడితో.

అంజయ్య కండువా భుజాన వేసుకుని కింద కూర్చున్నాడు. ఆ కాలును రెండు చేతుల్లోకి తీసుకుని ఐదో గోరును తనే వేలితో పైకెత్తి పట్టాడు.

"జర మెల్లగ తియ్యే" అన్నాడు. "నొస్తది దానికి."