పడుగు వీధిలో చర్చి గోడ

2022 వేసవిలో నేను కమలాపురం వైపు ఒక నేత ఊళ్లో గ్రామ సర్వేయర్‌ని. స్థలం కొలవమని వచ్చేవాళ్లను నేను నమ్మను. గెలుస్తామన్న ధీమా లేకుండా మా దగ్గరికి ఎవరూ రారు. అందుకే పాస్టర్ దేవదానం చర్చి స్థలం కొలవమన్నప్పుడు, పక్క వీధి మీద ఈయన కన్నుపడిందనుకున్నాను.

ఆ వీధిలోనే నేతగాళ్లు పడుగు చాస్తారు. అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను బారుగా సాగదీసి కట్టి గంజి పట్టిస్తారు. దానికి వంకర లేని పొడవాటి జాగా కావాలి. చర్చికి కొత్త ప్రహరీ లేచాక ఆ జాగా చాలక, చర్చి పక్కింటి ముసలి నేతగాడు ఓబులేసు ఊరి బయట బీడు నేలలో తంటాలు పడుతున్నాడు. గాలికి పోగులు తెగిపోతున్నాయి. మగ్గం పీకేసి కూలికి పోదామా అన్నంత వరకూ వచ్చింది.

ఆదివారం ఆరాధన కాగానే, సంఘమంతా ఉండగానే కొలవాలన్నాడు పాస్టర్. ఓబులేసునూ పిలిపించమన్నాడు. జనాన్ని చూపించి ముసలాయన్ని బెదిరించడానికేనని నాకు ఖాయమైపోయింది.

"ఎంత జాగా కావాల పాస్టరుగారూ?" అని వెటకారంగానే అడిగాను.

"మాది ఎంతుంటే అంతే సార్."

ఓబులేసు నా పక్కకొచ్చి, "వాళ్లంతా ఒకటైనారు సార్. నేనైతే కొలత కాగితం మీద సంతకం పెట్టను," అని గొణిగాడు.

రోవర్ పెట్టాను. ఉపగ్రహాల సాయంతో హద్దు చూపించే పరికరం అది. చర్చి స్థలం హద్దు కొత్త గోడకు లోపల, ఆవరణలోని మందార చెట్టు దగ్గర తేలింది. ప్రహరీ మొత్తం వీధిలోనే ఉంది. నమ్మకం కుదరక మళ్లీ పెట్టాను. అదే చోటు.

సంఘ పెద్ద ముఖం మాడ్చుకున్నాడు. "మనలో మనం మాట్లాడుకునేదానికి అందర్నీ పిలిచేదేంది పాస్టరుగారూ?"

"గోడ లేచినప్పట్నుంచీ చెప్తానే ఉండా కదన్నా, ఎవరూ వినలేదు. పొరుగోని దోవలో గోడ పెట్టుకోని, లోపల నిలబడి పొరుగోన్ని ప్రేమించమని నేనెట్ల చెప్పేది?"

అప్పటికీ నాకు నమ్మబుద్ధి కాలేదు. ఓబులేసును చర్చిలో కలుపుకునే ఎత్తేమో అనుకున్నాను. ఓబులేసుదీ అదే అనుమానం.

"దీనికి నేనేం చేయాలప్పా? చర్చికి రావాల్నా?"

"ఏం వద్దు పెద్దాయనా. పడుగు చాచుకో."

అందరి ముందూ తేలిన కొలత కాబట్టి గోడ కొట్టేయక తప్పలేదు. ఆ కోపంతో వానలు పడకముందే సంఘ పెద్దలు పాస్టర్‌నీ సాగనంపారు. నాకు శానా బాధేసింది.

ఆయన బయల్దేరిన పొద్దున వీధి పొడవునా పడుగు చాచి ఉంది. ఆటో లోపలికి రాలేక వీధి చివరే ఆగింది. ఓబులేసు కంగారుగా పడుగు విప్పబోయాడు.

"ఉండనీ పెద్దాయనా, గంజి తడి ఆరలేదు," అని పాస్టర్ పెట్టె నెత్తిన పెట్టుకుని, వెనక సందులోంచి చుట్టు తిరిగి నడిచాడు. ఇంకో పెట్టె ఓబులేసు ఎత్తుకున్నాడు. పరుపుచుట్ట నేను పట్టుకున్నాను.

కొలవమని వచ్చేవాళ్లను ఇప్పటికీ అనుమానంగానే చూస్తాను. కానీ తన జాగా తగ్గించుకోవడానికి కూడా ఒక మనిషి సర్వేయర్‌ని పిలుస్తాడని నాకు ఆ ఊళ్లోనే తెలిసింది.