బర్రె చేపిన పొద్దు

"నువ్వు అవతలికి పోమే. నువ్వుంటే ఇది చేపదు" అన్నాడు మా ఆయన.

"తవుడు కలిపిపెట్టి పోతాలే. నీ బర్రెను నేనేం ఎత్తుకపోను" అన్నాను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. పాలు పిండి, రొయ్యల గుంటకు కాపలా పోయినవాడు గట్టు మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. కోట ఊళ్లో ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నేను చెప్తా, రాసుకో చెల్లా, ఉన్నది ఉన్నట్టు రాయి.

చేపడం అంటే తెలియనివాళ్లు కూడా చదువుతారేమో. పొదుగు నిండా పాలున్నా, పశువుకు మనసైతేగాని అవి చన్నుల్లోకి దిగవు. ఆ దిగడమే చేపడం. దూడ మూతితో పొడిస్తే దిగుతాయి. మా బర్రెకు పుట్టిన దూడ కొన్నాళ్లకే చచ్చిపోయింది. దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టమని అందరూ అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. పొదుగు కడిగి, చన్నులు నిమురుతూ "రా తల్లీ, రా" అని గొణిగేవాడు. పక్కనే నేను తొట్టిలో తవుడు కలిపేదాన్ని. కాసేపటికి చెంబులో సుయ్యిమని చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడుతోనే మాకు తెల్లవారేది. ఇప్పుడు తలుచుకుంటే అదే పెద్ద ఐశ్వర్యంలా ఉంది.

ఆయన పోయాక నన్ను మూల కూర్చోబెట్టారు. మరిది పిండబోతే బర్రె తన్నింది. కాళ్లు కట్టేశాడు. పాలు బిగబట్టింది, పొదుగు రాయిలా అయింది. పశువుల డాక్టరమ్మను పిలిపించాడు.

"రోజూ సూదేసేద్దామమ్మా, పనైపోతాది" అన్నాడు.

"ఈ పూటకు వేస్తా. రోజూ వద్దు, అన్నా" అంది ఆమె. "మెదడు కింద చిన్న గ్రంథి ఉంటుంది. దూడ తగిలినా, అలవాటైన చప్పుడు విన్నా అది రక్తంలోకి ఒక మందు వదుల్తుంది. ఆ మందు పోయి పొదుగును లోపల్నించి పిండుతుంది. బెదిరితే రాదు. సూదిలో ఉండేదీ అదే. దానికి మరిగితే సూది లేంది చేపదు."

"అయితే కర్మ అయినాక సంతకు తోలేస్తా వదినా" అన్నాడు మరిది.

అది కూడా పోతే ఆ కొట్టంలోకి అడుగు పెట్టడానికి నాకిక పనుండదు.

డాక్టరమ్మ చెప్పింది నాకు తెలియనిది కాదు. నా బిడ్డ చంటిదిగా ఉన్నప్పుడు నాట్లకు పోతే, గట్టు మీద ఎవరి బిడ్డ ఏడ్చినా నా రవిక తడిసేది. "పరాయి బిడ్డక్కూడా కుళాయి తిప్పతావుండావే" అని ఆడవాళ్లు నవ్వేవారు. నారుకట్టలు మోస్తున్న ఆయన ఏమీ ఎరగనట్టు తువ్వాలు నా భుజం మీదికి విసిరి పోయేవాడు.

కర్మ అయిన మరునాడు నువ్వే కదా తవుడు కలిపింది. నీ చేతి నిండా గాజులు. తొట్టిలో చెయ్యి తిప్పుతుంటే గలగలమన్నాయి. బర్రె చెవులు రిక్కించింది.

"అక్కా, ఇట్రా. పాలు కారతా ఉండాయి" అన్నావు.

అప్పుడు తెలిసింది నాకు. అది ఇన్నాళ్లూ ఆయన గొణుగుడు ఒక్కటే వినలేదు. నా గాజులు కూడా విన్నది. వాటిని ముందురోజే పగలగొట్టారు.

"రెండు గాజులియ్యి" అన్నాను.

"ఎవురన్నా చూస్తే?"

"బర్రె అడిగిందని చెప్తా."

మరిది వచ్చాడు. "చేతికేంది వదినా అయ్యి?" అన్నాడు.

"చెంబు అందుకో" అన్నాను.

తవుడు కలిపి, పొదుగు కింద కూర్చుని పిండాను. చెంబు నురగతో నిండింది. అతను కాసేపు నా చెయ్యి చూశాడు, కాసేపు చెంబు చూశాడు. సంత మాట మళ్లీ ఎత్తలేదు.

మొదట్లో కొట్టం దాటగానే గాజులు తీసేసేదాన్ని. ఇప్పుడు తీయడం లేదు. కొందరు మొహం తిప్పుకుంటారు, తిప్పుకోనీ. ఏం చెల్లా, పెన్ను ఆపావు? ఈ మాట రాయొద్దనుకున్నావు కదా. రాశావా లేదా? ఏదీ, గాజుల దగ్గర్నుంచి చదువు, వింటాను.