ఆప్రికాట్లు అలుగుతాయి

హెప్సీ ఆక్రాయిడ్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. క్రిస్మస్ విందుకి చేసే స్టఫింగ్‌కి మాంసం గాలి కూడా తగలకూడదు. తగిలితే అందులోని ఆప్రికాట్లు అలుగుతాయట! కట్టుకున్న మొగుడు బతికున్నన్నాళ్లూ అలిగితే “అలగనీ, ఆకలేస్తే వాడే వస్తాడు” అన్న మనిషి, ఎండిపోయిన పండు అలుగుతుందంటే మాత్రం ఊరు ఏకం చేసేది.

ఆమె గెలిచిన దెబ్బలాటలు నేను చాలా చూశాను గానీ కసాయి క్లెగ్‌తో జరిగినది పెట్టి పుట్టినవాళ్లు చూడాలి. మా థార్న్‌డెన్ చాపెల్‌లో ఏటా క్రిస్మస్‌కి మిల్లు వీధులన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాయి. పెద్దబాతులు క్లెగ్ ఊరికే ఇస్తాడు. ఇస్తున్నాడు గనక వాటి కడుపులో కూరే స్టఫింగ్‌లో ఏం వెయ్యాలో చెప్పే హక్కూ తనదేనని అతని నమ్మకం. ఆ పొద్దున గిన్నె నిండా పంది కైమా పట్టుకుని చాపెల్ వంటింట్లోకి వచ్చాడు.

“ఇదిగో హెప్సీ, మా అమ్మ చేసినట్టు చెయ్యి. కైమా, ఉల్లిపాయ, సేజ్ ఆకు. అంతే.”

“మీ అమ్మ చేసినవాటిల్లో ఏదీ సరిగ్గా ఉడకలేదు క్లెగ్గూ. నిన్ను చూస్తేనే తెలుస్తోంది.”

“ఊరంతా కైమా వేస్తారు!”

“వెయ్యనీ. నా ఆప్రికాట్లు అలుగుతాయి.”

“ఎండిపోయిన పండుకి అలకేమిటే?”

“ఎండిపోయింది గనకే. నిన్నూ నాలుగు రోజులు ఎండబెడితే తెలిసేది.”

క్లెగ్ బల్ల మీద గుద్దాడు. గరిటెలు ఎగిరిపడ్డాయి. “కైమా వెయ్యకపోతే నా బాతులు నేను పట్టుకుపోతా!”

వంటింట్లో అందరం నోళ్లు మూసుకున్నాం. నేను కూడా మూసుకున్నానంటే పరిస్థితి ఎలాంటిదో మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.

హెప్సీ మాత్రం తొణకలేదు. అప్పుడే ఓవెన్‌లోంచి దించిన పళ్లెం దగ్గరికి జరుపుకుంది. చల్లారిన టీ డికాక్షన్‌లో నానిన ఆప్రికాట్లు, ఎండు ద్రాక్ష, వెన్నలో ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, పాత రొట్టె పొడి, సేజ్ ఆకు, తురిమిన నారింజ తొక్క, ఇవన్నీ గుడ్డు కొట్టి కలిపి కాల్చిన ముద్ద అది. పైన కరకర, లోపల మెత్తన. వాసనకే సగం కడుపు నిండుతుంది. పెద్ద ముక్క కోసి తీసుకెళ్లి క్లెగ్ నోట్లో కూరింది.

“ఇప్పుడు చెప్పు. కైమా కావాలా?”

క్లెగ్ నమిలాడు. నోరు ఖాళీ అయ్యేలోగా రెండో ముక్క పడింది. అది గొంతు దిగేలోగా మూడోది.

“మాట్లాడడేం? ఒప్పుకున్నాడు! అందరూ చూశారుగా?”

క్లెగ్ చెయ్యి ఊపాడు. ఆ ఊపు కాదనడమో, ఇంకో ముక్క పెట్టమనడమో ఈనాటికీ తేలలేదు. బాతులు మాత్రం ఓవెన్‌లోకే వెళ్లాయి, కడుపులో ఒట్టి ఉల్లిపాయతో. “చచ్చినదానికి అది చాలు” అంది హెప్సీ.

కైమా గిన్నె కూడా తిరిగివ్వలేదు. “మా పిల్లికి పెడతా” అని కొంగు కింద పెట్టినట్టు ఏప్రన్ కింద పెట్టుకుంది. అప్పట్నుంచి క్లెగ్ ఏటా కైమా తేవడం, ఏటా ఓడిపోవడం, ఏటా కైమా పిల్లికి పోవడం. అంత తిన్న పిల్లి ఈపాటికి గుర్రమంత అయి ఉండాలి. థార్న్‌డెన్‌లో దాని తోక చూసినవాళ్లు కూడా లేరు.

ఇక ఆవిడ చట్టాలు చెప్పాలంటే మా పాస్టరుగారి ప్రసంగం కంటే పొడుగవుతుంది. స్టఫింగ్ పళ్లెం ఓవెన్‌లో పై అరలోనే ఉండాలి. కింద పెడితే బాతు కొవ్వు కారి పడుతుంది, పండు అలుగుతుంది. దాని పక్కన వెన్నలో కాల్చిన ఆలుగడ్డలు ఒక పళ్లెం. ఎందుకంటే ఆప్రికాట్లకి తోడు కావాలట! వడ్డించే గరిటె రిబ్బను కట్టి మెడలో వేసుకునేది, మేయరు గొలుసు వేసుకున్నట్టు. ఇంకో గరిటె ముట్టుకుంటే పండు అలుగుతుంది. బాతు రసంతో కాచిన గ్రేవీ జగ్గు అన్నిటికన్నా చివర రావాలి, ఎవరిది వాళ్లే పోసుకోవాలి. పాపం, పాస్టరుగారి కొత్త భార్య తెలియక ముందుగానే జగ్గు ఎత్తింది.

“అమ్మా, మీరు దేవుడి మనుషులు గనక ఊరుకుంటున్నా. జగ్గు దించండి.”

“కొంచెమేనండీ...”

“నోవహు నాటి ప్రళయం కూడా మొదట కొంచెమే కురిసింది. దించండి.”

ఆవిడ దించింది.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు విల్ఫ్. చాపెల్ బాయిలర్ చూసుకునేవాడు. మనిషి తలుపంత ఉంటాడు, మాట మాత్రం తాళంకన్నం లోంచి వచ్చినట్టు వస్తుంది. పాడితే మాత్రం కిటికీ అద్దాలు వణకాల్సిందే, అంత లోతు గొంతు. ఏటా అతన్ని చూడగానే హెప్సీ విరుచుకుపడేది.

“వచ్చాడమ్మా తిండిపోతు! నా స్టఫింగ్ అంతా వీడికే చాలదు. పట్టు ప్లేటు!” అంటూ గరిటె మీద గరిటె వేసేది, పక్కన ఆ వెన్న ఆలుగడ్డలు, క్యాబేజీ కొండలా పేర్చేది. వెనకాల బాతు ముక్కలతో వచ్చే క్లెగ్‌ని మోచేత్తో నెట్టేది. “ఎక్కడ పెడతావయ్యా? వీడి ప్లేటులో చోటేదీ? పద, పక్కవాళ్లకి పెట్టు!”

విల్ఫ్ తల వంచుకుని అంతా తినేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. పాపం ఈ ముసలమ్మకి వీడంటే ఎందుకంత మంట అనుకునేవాళ్లం.

ఈ ఏడు క్రిస్మస్ దగ్గర పడుతుండగా హెప్సీ మంచు పట్టిన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. వార్త విని క్లెగ్ విచారంగా టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకునేసరికి మొహం వెలిగిపోతోంది.

“పాపం హెప్సీ,” అని నావైపు తిరిగాడు. “ఎల్సీ, ఈ ఏడు వంటింటి పెత్తనం నీదేగా? ఇన్నాళ్లకి మనిషి తినే స్టఫింగ్ తింటాం. కైమా నేను తెస్తా.”

నిజం చెప్పాలంటే నాకూ అభ్యంతరం కనబడలేదు. నేను బడికి వెళ్లింది తక్కువ, మిల్లుకి వెళ్లింది ఎక్కువ. అయినా ఎండు పండు అలగదని తెలిసేపాటి చదువు నాకుంది. ఆ మాట మొహాన చెప్పొద్దామనే హెప్సీ ఇంటికి వెళ్లాను.

తలుపు తియ్యగానే గుప్పుమంది వాసన. పంది మాంసం! హెప్సీ విరిగిన కాలు బల్ల మీద చాపుకుని, పొయ్యి పక్కనే కూర్చుని, పెనం మీద కైమా ఉండలు తిప్పుతోంది. గడ్డం మీద కొవ్వు మెరుస్తోంది.

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇదేమిటే?”

“పిల్లికి.”

“ఏదీ పిల్లి?”

“నీ ఎదురుగా కూర్చుంది. ఆ పళ్లెంలో మిగిలిన ఉండలు ఇటు జరుపు.”

“నీకు పంది మాంసం ఇష్టమా!”

“ఇష్టమా? ప్రాణం! స్టఫింగ్‌లో కైమా లేకపోతే నాకు గడ్డి తిన్నట్టే ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆ గడ్డి నేను తినడం లేదూ?”

నేను కుర్చీలో కూలబడ్డాను. అప్పుడు చెప్పింది. విల్ఫ్ కుర్రతనంలో క్లెగ్ నాన్న కబేళాలో పని చేశాడు. అక్కడ చూసింది చూశాక మాంసం గొంతు దిగలేదు, ఇప్పటికీ దిగదు. ఒక క్రిస్మస్‌కి, నేను మా అక్క దగ్గరికి వెళ్లిన ఏడు, అతను బాతు ముక్క వద్దన్నాడట. నేత షెడ్డు కుర్రాళ్లు బల్ల చుట్టూ చేరి ఆవుల్లా అరిచారట. విల్ఫ్ ప్లేటు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మరుసటేడు విందుకే రాలేదు.

“ఆ రోజు వాడింటి మీదుగా వెళ్తూ కిటికీలోంచి చూశానే,” అంది హెప్సీ. “అంత మనిషీ ఒక్కడూ కూర్చుని రొట్టె ముక్క తింటున్నాడు. అవతల చాపెల్‌లో మనవాళ్ల పాటలు. బాలేదు అది. పై ఏడు తిట్టి మరీ లాక్కొచ్చాను.”

“పోనీ వాడొక్కడికీ వేరేగా వండితే సరిపోయేదిగా?”

“వేరేగా వండితే అందరూ అడుగుతారు. అడిగితే వాడు చెప్పుకోవాలి. ఆ నోట్లోంచి మాట రావడమే కష్టం. అదే, పిచ్చిది హెప్సీ అనుకుంటే? వాణ్ని ఎవరు చూస్తారు, నన్ను చూసి నవ్వడానికే తీరిక ఉండదు.”

“ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?”

“నీకు చెప్పడం, మార్కెట్ గడియారానికి చెప్పడం ఒకటే. గంట గంటకీ మోగుతావు.”

“విల్ఫ్‌కి తెలుసా?”

“తెలిస్తే నన్ను చూసి అంత భయపడతాడా?”

ఇలాంటి మనిషి మా వీధిదని చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వమో! ఆ మాట ఆవిడతో అంటే పెనం విసురుతుందని, “ఆ ఉండ మాడుతోంది, చూసుకో” అన్నాను.

“ఈ ఏడు నువ్వు చెయ్యాలి ఎల్సీ.”

“చేస్తాలేవే. ఉల్లిపాయ వేయించడం నాకు రాదా?”

“ముద్ద చెయ్యడం ఎవరికైనా వస్తుంది. దెబ్బలాడటం రావాలి. థార్న్‌డెన్‌లో నా తర్వాత నోరంటే నీదే.”

నా బతుకులో నన్నింతలా మెచ్చుకున్నవాళ్లు లేరు. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

“విను. పళ్లెం పై అరలో పెట్టు. క్లెగ్ నోరు ఖాళీగా ఉంచకు. విల్ఫ్‌ని తిట్టడం మానకు, మానితే వాడికి అనుమానం వస్తుంది. ఎవరైనా అడిగితే ఏమంటావు?”

“ఆప్రికాట్లు అలుగుతాయంటాను.”

“సిగ్గుపడుతూ అనకు. నమ్మినట్టు అను.”

“ఆప్రికాట్లు అలుగుతాయి!” అని అరిచాను. పక్కింటి కుక్క మొరిగింది.

“అదీ!” అంటూ హెప్సీ మెడలోంచి గరిటె తీసి నా మెడలో వేసింది. రిబ్బను సర్దింది. నేను గుమ్మం దాటబోతుంటే వెనకనించి మళ్లీ పిలిచింది.

“ఒసే! అన్నిటికన్నా ముఖ్యమైంది మరిచిపోయాను. క్లెగ్ కైమా తెస్తాడుగా, దాన్ని వెనక్కి పోనివ్వకు. ఏప్రన్ కింద పెట్టుకుని తిన్నగా ఇక్కడికి పట్టుకురా. ఏడాదంతా పిల్లి దానికోసమే కాచుకుని కూర్చుంటుంది.”