చింతపూత అంచు

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మనవరాలు మొన్న చిత్తూరు వచ్చినప్పుడు, నీ పని ఏమిటే తల్లీ అని అడిగితే, "పోటీ కంపెనీవాళ్ళు రేపు ఏం చేయబోతారో ఈరోజే కనిపెట్టి మావాళ్ళకు చెప్పడం అవ్వా" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

ఆడపిల్ల అంగట్లో కొలువుకు పోవడాన్నే వింతగా చూసిన మా రోజుల్లో, నా ఇరవయ్యోయేట, ఈ ఊళ్ళోనే ఒక పెద్ద చీరల అంగట్లో పనిచేసేదాన్ని. నగరిలో ఒక నేతగాడు పెళ్ళిళ్ళ ముహూర్తాలకని ఎవరూ చూడని అంచు ఒకటి వేస్తున్నాడని మా షావుకారు చెవిన పడింది. చెల్లెలి పెళ్ళికి చీరలు చూడవచ్చినట్టు పోయి, అది ఎలా ఉందో చూసి రమ్మని ఆయన నన్ను పంపాడు. నాకు చెల్లెలే లేదు.

నేతగాడు నూలు కోసం బయటికి వెళ్ళాడట, ఇంట్లో ఆయన భార్య ఒక్కతే ఉంది. ఎండనపడి వచ్చానని మజ్జిగ ఇచ్చి, మగ్గం మీద కప్పిన గుడ్డ తీసింది. లక్కలాంటి ముదురెరుపు అరక్కు రంగు చీరకు పసుపుపచ్చని చింతపూత అంచు, పూరేకుల మీద సన్నని ఎర్రచారలు.

"బయట ఎవురికీ సూపలేదు అమ్మణ్ణీ. పెండ్లి అంటా ఉండావు గదా, అందుకని సూపిస్తా ఉండా" అంది.

తిరుగు బస్సులో, మరిచిపోకముందే, ఆ అంచును కాగితం మీద గీసేశాను.

నెల తిరిగేసరికి అదే అంచు మరమగ్గాల మీద వందలుగా దిగి మా అంగట్లో వేలాడింది. తర్వాత ఒకనాడు ఆ నేతగాడే తన చీరలు మూటకట్టుకుని మా దగ్గరికే అమ్మవచ్చాడు. షావుకారు మా చీర ఒకటి పక్కన పరిచి, "ఇవి సగం ధరకే దొరకతా ఉండాయప్పా. వీటిని సూసి నేసినట్టుండావే" అన్నాడు. నేతగాడు రెండు అంచులనూ చాలాసేపు వేలితో తడిమి, తన చీరలు మడిచి తీసుకుపోయాడు. నేను నాలుగు బారల దూరంలో తల వంచుకుని కూర్చున్నాను.

ఏడాదిన్నరకు పుత్తూరు బస్టాండులో ఆ నేతగాడి భార్యే నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. మగ్గాలు అమ్మేసి, ఇద్దరూ ఇటుకబట్టీలో కూలికి పోతున్నారట. అంతా తెలిసిపోయిందేమో, నిలదీస్తుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మీ చెల్లెలి పెండ్లి బాగా జరిగిందా అమ్మణ్ణీ?" అని అడిగింది.

"బాగా జరిగింది అక్కా" అన్నాను. బస్సు కదిలేదాకా నిజం చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉండింది. చెప్పలేదు.

ఇప్పుడైతే అంగట్లో వేలాడే చీరను ఫోనుతో ఒక్క ఫోటో తీస్తే చాలు, పొద్దుగూకేలోపు ఏ ఊళ్ళోనో మరో మగ్గమెక్కుతుంది. తీసినవాళ్ళకు నేసినవాళ్ళ గడప తెలియదు, గొంతు తెలియదు. ఈ కాలం పిల్లలకు ఆ హాయి దక్కింది కాబోలు. నాకైతే, లేని చెల్లెలి పెళ్ళిని గురించి అడిగిన ఆ గొంతు, ఇన్నేళ్ళయినా, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో వినిపిస్తూనే ఉంటుంది. ప్రతిసారీ, బాగా జరిగిందనే చెబుతాను.