గంటలో చావు, ఒక్క పూటలో మందు

ఎనభైల మొదట్లో నేను విశాఖలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వానాకాలం మొదలవుతుండగా ఒక ఆదివారం మా స్టాఫంతా కలిసి మ్యాట్నీకి వెళ్ళాం. ఇంగ్లీషు సినిమా. ఓడలో వచ్చిన నావికుడి నుంచి ఒక రేవు పట్నానికి అంతుచిక్కని రోగం అంటుకుంటుంది. తాకితే చాలు, గంటలో చావు. ఒక డాక్టరు ఒక్క పూటలో మందు తయారుచేస్తాడు. అది చేతికొచ్చేలోపే సైన్యం వచ్చి రేవు పక్కన గుడిసెలన్నిటినీ మనుషులతో సహా తగలబెడుతుంది. పట్నం బతుకుతుంది. హాలంతా చప్పట్లు.

నేను కొట్టలేదు. బయట టీ కొట్టు దగ్గర మా పెద్ద డాక్టరు గారు, "నిర్ణయమంటే అలా ఉండాలి! కొందరు పోతే పోయారు, ఊరు దక్కింది," అన్నారు.

"గంటలో చచ్చేవాడు ఊరంతా తిరిగి రోగం అంటించేది ఎప్పుడండీ?" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. "మన ల్యాబ్‌లో కలరా క్రిమి ప్లేటు మీద పెరగడానికే ఒక రోజు పడుతుంది. ఆయన ఒక్క పూటలో మందెలా చేశాడు? పోనీ చేశాడే అనుకుందాం, కాల్చేవాళ్ళు ఆ పూట ఆగలేకపోయారా?"

"సినిమా అమ్మా అది," అని ఆయన నవ్వేశారు.

నాకు నవ్వు రాలేదు. కాలిపోయిన ఆ గుడిసెల్లో ఒక్క మనిషి మొహమైనా దగ్గరగా చూపించలేదు. చూపించి ఉంటే చప్పట్లు పడేవి కావు.

మూడు వారాలకే జాలరిపేట నుంచి వాంతులు, విరేచనాలతో రోగులు రావడం మొదలైంది. ఒక ముసలాయన దారిలోనే పోయాడు. మర్నాడు నమూనాల కోసం వెళ్ళేసరికి పేట మొదట్లో అడ్డంగా తాడు కట్టి ఉంది. పక్కనే ఇద్దరు పోలీసులు. చేపలమ్మే ఆడవాళ్ళను గంపలతో సహా వెనక్కి తోలేస్తున్నారు. ఆ సలహా మా పెద్ద డాక్టరు గారిదేనట. టీ కొట్టు దగ్గరి మాటలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

మా వీధికి రోజూ చేపలు తెచ్చే ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "సూడమ్మా, గొడ్లని కట్టినట్టు కట్టేసినారు. నా కోడలు లెగలేకపోతంది. మాం ఏటి సేసినాం?"

తాడు కింద నుంచి లోపలికి దూరాను.

"మేడమ్, లోపలికెల్తే బయటికి రానివ్వం!" అని ఒక పోలీసు అరిచాడు.

"రానివ్వకండి," అన్నాను.

ఆవిడ ఇంట్లో నీళ్ళు కాచి చల్లార్చి, ఉప్పూ పంచదారా కలిపి కోడలికి చెంచాతో పట్టించాం. ఇరుగుపొరుగుకీ అలాగే చేసి చూపించాను. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్ళాను. దాని పైపు మురుగుకాలవలోంచే వస్తోంది, తుప్పుపట్టి చిల్లులు పడింది.

"ఈ నీలే తాగతన్నాం. కంపు కొడతన్నాయని సెప్పినాం, ఎవులూ ఇన్నేదు," అంది ఆవిడ.

నీళ్ళు సీసాల్లో పట్టుకుని బయటికి వస్తుంటే ఆ పోలీసే తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

మర్నాడు ప్లేట్లు చూశాను. నీళ్ళలో కలరా క్రిమి ఉంది. రిపోర్టు తీసుకెళ్తే డాక్టరు గారు తలుపు వేయించారు. "నీళ్ళని రాస్తే పెద్ద గొడవవుతుంది. చేపల వల్ల అని రాయి."

"చేపల్లో నేను వెతకలేదండీ. నీళ్ళలో వెతికాను, దొరికింది. ఆ పైపు పేట దాటి పై వీధులక్కూడా వెళ్తుంది. తాడు కడితే నీళ్ళు ఆగుతాయా?"

"ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?"

"ఉంది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను."

ఆయన రిపోర్టును సొరుగులో పడేశారు. నా దగ్గర ఇంకో కాపీ ఉంది. ఆ సాయంత్రమే పేటకెళ్ళి చేపలావిడకు సంగతంతా చెప్పాను. మర్నాడు చేపలమ్మే ఆడవాళ్ళు తాడు వైపు రాకుండా సముద్రపు ఒడ్డు వెంబడే వచ్చి, ఖాళీ గంపలతో నీళ్ళ ఆఫీసు ముందు బైఠాయించారు. నేనూ సెలవు పెట్టి వాళ్ళతో కూర్చున్నాను. ఆ కాగితాన్ని వాళ్ళకు అర్థమయ్యేలా గట్టిగా చదివాను. పై వీధుల వాళ్ళు కూడా ఆగి విన్నారు, విని లోపలికి వెళ్ళి అరిచారు. సాయంత్రానికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది, తాడు విప్పారు. వారంలో పైపు మార్చారు. చేపలావిడ కోడలు అప్పటికే లేచి తిరుగుతోంది.

నెల తిరక్కుండానే నన్ను గోపాలపట్నం దగ్గర ఒక చిన్న డిస్పెన్సరీకి బదిలీ చేశారు. అక్కడ మైక్రోస్కోపే లేదు. చేరిన రోజే అది కావాలని దరఖాస్తు పెట్టాను. ఇచ్చేదాకా ప్రతి నెలా పెడుతూనే ఉన్నాను.